కూర్పు ముగిసిననాటి పద్దు

పెండ్లివారి ఇంట విందు ముగిసిన మరునాడు ఇంటిపెద్ద ఒక పని తప్పక చేయును. గంగాళము ఎవరి ఇంటినుండి వచ్చినదో, జంబుఖానా ఎవరిదో చీటీ చూచుకొని, ఎవరి వస్తువును వారికి పంపించును. చీటీ వ్రాసికొనని ఇంట ఆనాడు మొదలైన మాట ఏండ్ల తరబడి నిలుచును. దృశ్యకార్యక్రమములను కూర్చు మాబోటివారి పనియు ఇట్టిదే. అరగంట కార్యక్రమమునకు పదిచోట్ల నుండి క్లిప్పులు తెచ్చి, కత్తిరించి, అతుకుదుము. అందులోని ఏ ముక్క ఏ టేపునుండి, ఏ క్షణము మొదలు ఏ క్షణము వరకు తీసినదో తెలుపు పట్టికయే మా చీటీ. దానిని ఎందుకు వ్రాయవలెనో, ఎట్లు వ్రాయవలెనో ఈ ప్రసంగమున మనవి చేసెదను.

ఈ పాఠమును నేను నా పొరపాటు వలననే నేర్చితిని. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక హరికథా భాగవతారుగారిపై అరగంట దృశ్యకార్యక్రమమును కూర్చితిని. ఆయన కథ చెప్పుచుండగా తీసిన వీడియో ఏ సంస్థ వద్దను మాకు దొరకలేదు. శ్రీరామనవమి పందిళ్లలోను, పెండ్లిళ్లలోను తీసిన పాత వి.హెచ్.ఎస్. టేపులను ఏడు ఇండ్లవారు మమ్ము నమ్మి ఇచ్చిరి. కావలసిన భాగములను మాత్రము కంప్యూటరునకు ఎక్కించుకొని, టేపులను ఎవరివి వారికి తిరిగి ఇచ్చితిమి. కార్యక్రమమును పలువురు మెచ్చుకొనిరి.

రెండేండ్లకు ఆ భాగవతారుగారి కుమార్తె మా వద్దకు వచ్చినది. "మీ కార్యక్రమంలో నాన్నగారు ఇరవై సెకన్లపాటు రుక్మిణీ కల్యాణం చెబుతూ కనిపించారండీ. ఆయన గొంతు బాగున్న రోజులవి. ఆ కథ మొత్తం ఎవరింట్లో ఉందో కాస్త చెప్పగలరా?" అని అడిగినది.

నేను చెప్పలేకపోతిని. కంప్యూటరులో ఆ ముక్క పేరు 'కొత్త క్లిప్పు 17' అని మాత్రమే ఉన్నది. ఒక్కొక్క ఇంటికే పోయి, టేపు అడిగి, మొదటి నుండి చివరి వరకు చూచుచు వచ్చితిమి. ఆరు ఇండ్లు ముగించి ఏడవ ఇంటికి చేరునప్పటికి వారు ఇల్లు మారి పది దినములైనది. పాత టేపులు చెత్తబండి కెక్కినవి. పట్టిక ఉన్నచో మేము మొట్టమొదట పోవలసినది ఆ ఇంటికే.

పట్టిక యనగా ఏమో తెలియుటకు ముందు, దృశ్యమునకు చిరునామా ఎట్లు ఏర్పడినదో తెలిసికొనవలెను. సినిమా ఫిలిము అంచున తయారీలోనే సంఖ్యలు ముద్రింపబడియుండును. 35 మిల్లీమీటర్ల ఫిలిములో అడుగునకు 16 ఫ్రేములు. అడుగడుగునకు ఒక సంఖ్య. ఎడిటరు పాజిటివు ప్రతిని కత్తిరించి కూర్చిన పిమ్మట, సహాయకుడు ఆ అంచు సంఖ్యలను వరుసగా ఎత్తి వ్రాయును. ఆ వరుసను బట్టి నెగెటివును కత్తిరింతురు. మద్రాసు స్టూడియోలలో మన తెలుగు చిత్రములును ఈ మార్గముననే పూర్తియగుచుండెడివి. ఒకసారి కోసిన నెగెటివు మరల మునుపటివలె కాదు గనుక, ఆ సంఖ్యల యందు ఒక్క అంకె తప్పినను నష్టమే.

1956లో ఆంపెక్సు సంస్థ వీడియో టేపు యంత్రమును వెలువరించినది. టేపుమీద బొమ్మ కంటికి కనిపించదు. అంచున సంఖ్యయు లేదు. 1967లో అమెరికాలో ఈకో అను సంస్థ ఈ లోపమును తీర్చినది. ప్రతి ఫ్రేమునకును గంటలు, నిమిషములు, సెకన్లు, ఫ్రేములు అను నాలుగు జతల అంకెలను టేపుమీదనే నమోదు చేయు పద్ధతిని తెచ్చినది. దానినే టైమ్ కోడు అందురు. మన దేశపు టెలివిజనులో సెకనునకు 25 ఫ్రేములు గనుక చివరి జత 00 నుండి 24 వరకు నడచి మరల మొదటికి వచ్చును.

చిరునామా ఏర్పడిన పిమ్మట పట్టిక సులభమైనది. సి.బి.ఎస్., మెమొరెక్సు సంస్థలు కలిసి నెలకొల్పిన సి.ఎం.ఎక్స్. 1971లో కంప్యూటరుతో ఎడిటింగు చేయు యంత్రమును తెచ్చినది. ఎడిటరు చేసిన నిర్ణయములు పట్టికగా వెలువడును. ఆ పట్టికను చదివి యంత్రములు అసలు టేపులనుండి కార్యక్రమమును కూర్చును. దానికి 'ఎడిట్ డెసిషన్ లిస్టు' అని పేరు. పొడి అక్షరములలో ఇ.డి.ఎల్. ఆ యంత్రములు మూలబడినవి గాని, సి.ఎం.ఎక్స్. 3600 అను వాటి పట్టిక రూపము నిలిచినది. నేటి ప్రీమియర్, ఆవిడ్, డావించి రిజాల్వ్ వంటి ఎడిటింగు సాధనములు ఇప్పటికిని ఆ రూపమున పట్టికను ఇచ్చుచున్నవి.

అందులోని ఒక పంక్తిని చూతము. మొదట వరుస సంఖ్య 007. తరువాత మూలపు టేపు పేరు, 'రామ03' అనుకొందము. పిమ్మట 'వి', అనగా బొమ్మ. 'సి', అనగా సూటి కోత. ఒక దృశ్యము కరగి మరియొకటిగా మారినచో అక్కడ 'డి' ఉండును. చివర నాలుగు కాలసంకేతములు: 01:04:10:05, 01:04:16:05, 10:12:32:00, 10:12:38:00. మొదటి రెండును మూలపు టేపులో ముక్క మొదలు, తుది. కడపటి రెండును మన కార్యక్రమములో దాని చోటు. కార్యక్రమపు లెక్కను 10 గంటల నుండి మొదలుపెట్టినచో, ఈ ముక్క 12 నిమిషముల 32వ సెకను వద్ద వచ్చి ఆరు సెకన్లు, అనగా 150 ఫ్రేములు నిలుచును. తుది సంకేతము చూపు ఫ్రేము మాత్రము ముక్కలో చేరదు.

అయితే ఇది కోతల పట్టిక. మూలముల పట్టిక కాదు. ఒకే టేపునుండి ఇరువది చోట్ల ముక్కలు తీసియుండవచ్చును. ఈ పంక్తులను కార్యక్రమపు వరుసలో గాక, టేపు పేరును బట్టియు, ఒక్కొక్క టేపులో కాలమును బట్టియు అమర్చవలెను. పాత యంత్రములవారు మొదటి దానిని 'ఏ' పద్ధతి యనియు, ఈ రెండవ దానిని 'సి' పద్ధతి యనియు పిలిచెడివారు. నేడు పట్టికను కంప్యూటరులోని లెక్కల పత్రమున చేర్చి, టేపు పేరు గల నిలువు వరుసను బట్టి సర్దినచో చాలును. ఒక్కొక్క పేరును ఒక్కసారి మాత్రము ఎత్తి వ్రాసికొని, దాని కెదురుగా ఇచ్చినవారి పేరు, తీసిన సంవత్సరము, ఎంత వాడుకొంటిమో చేర్చినచో మూలముల పట్టిక సిద్ధమగును.

ఇక యంత్రము మనలను మోసగించు చోట్లు. ఎక్కించునప్పుడు టేపునకు పేరు పెట్టనిచో, చాల సాధనములు ఆ చోట 'ఏఎక్స్' అని వ్రాసి ఊరకుండును. పట్టిక నిండ 'ఏఎక్స్' ఉన్నచో అది ఉండియు లేనిదే. 3600 రూపములో టేపు పేరునకు ఎనిమిది అక్షరములే చోటు. రోమను లిపిలో 'హరికథ' అని వ్రాయుటకే తొమ్మిది అక్షరములు కావలెను! హరికథ ఒకటి, హరికథ రెండు అని పేర్లు పెట్టినచో, ఎనిమిదింటి వద్ద తెగి రెండును ఒకటే యగును. కావున భేదమును తెలుపు అంకె ముందు రావలెను. ఈ రూపములో బొమ్మకు ఒకే వరుస గలదు. దృశ్యముపై దృశ్యము పేర్చినచో ఒక్కొక్క వరుసకు వేరు పట్టిక తీయవలెను. ముందే కూర్చిన భాగము నొకదానిని పెద్ద కూర్పులో నిలిపినచో, దానిలోపలి ముక్కలు కనిపించక అది ఒకే క్లిప్పుగా పడును. దానిని విప్పి, పిమ్మట పట్టిక తీయవలెను. ఛాయాచిత్రములకు టైమ్ కోడు లేదు. సెల్‌ఫోనుతో తీసిన క్లిప్పుల లెక్క తరచుగా ప్రతిసారియు సున్న నుండి మొదలగును. అట్టి వాటికి ఫైలు పేరే చిరునామా.

ఈ చిక్కులన్నిటికిని మందు ఒక్కటే: పేర్లు కూర్పునకు ముందు పెట్టవలెను, పట్టికను కూర్పు ముగిసిననాడే తీయవలెను. మొదటిది చేయనిచో రెండవది పనికిరాదు. వారము గడచినచో కంప్యూటరులో చోటు చాలక ఎవరో ఏదో తుడిచివేయుదురు. ఏడాది గడచినచో ఆ కూర్పు పనివాడు వేరొక ఊరికి బదిలీయగును. పట్టిక తీయుటకు పట్టునది కొద్ది నిమిషములు. దానివలన మూలమును తిరిగి చూడవచ్చును. అనుమతి ఎవరిని కోరవలెనో తెలియును. ఇది ఎప్పటి దృశ్యమని శ్రోత గాని ప్రేక్షకుడు గాని అడిగినచో నిజము చెప్పవచ్చును.

భాగవతారుగారి కార్యక్రమములో ఆయన కథ చెప్పు దృశ్యములు మూడు. తక్కిన రెండింటి మూలములు ఆ ఆరు ఇండ్లలోనే దొరికినవి. వాటికి నకళ్లు తీయించి ఆమెకు ఇచ్చితిమి. ఆమె మమ్ము ఒక్క మాటయు అనలేదు. "ఇవైనా దొరికాయి కదండీ" అని వాటిని చేతిసంచిలో పెట్టుకొని వెళ్లినది. నాటినుండి మేము ఏ ఇంటినుండి టేపు తెచ్చినను, యంత్రములో పెట్టుటకు ముందే దానిమీద చీటీ అంటించుచున్నాము. ప్రసారమునకు పంపు ప్రతితోపాటు మూలముల పట్టికను కాగితముమీద అచ్చువేసి, టేపు ఇచ్చిన ప్రతి ఇంటికి ఒక ప్రతిని పంపుచున్నాము. వారి టేపులో ఏ భాగమును మేము విలువైనదిగా ఎంచితిమో వారికి తెలిసినచో, ఇల్లు మారునప్పుడు దానిని చెత్తబండికి ఎత్తరు.