కంప్యూటరులో కాగితాల అర కనబడకపోతే

మన పెద్దల కాలంలో ఇంటి కాగితాలకు ఒక ట్రంకుపెట్టె ఉండేది. పన్ను రసీదులు, భూమి దస్తావేజులు, పిల్లల జనన పత్రాలు, బడి సర్టిఫికెట్లు అన్నీ ఒక గుడ్డలో మూటకట్టి అందులో పెట్టేవారు. తాళంచెవి ఇల్లాలి కొంగున ఉండేది. ఈనాడు చాలా ఇండ్లలో ఆ పెట్టె చేసే పనిని కంప్యూటరు చేస్తున్నది. కాగితాన్ని స్కాన్ చేసి, ‘డాక్యుమెంట్స్’ అనే అరలో వేసి, ఇక భయం లేదనుకుంటున్నాము.

తరతరాలుగా కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ సీమలలో కాపురముంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మనబోటివారికి ఈ కాగితాల అవసరం మరికాస్త ఎక్కువ. తాతగారి ఊరు ఒక రాష్ట్రం, తండ్రి చదివినది ఇంకొక రాష్ట్రం, పిల్లలు పుట్టినది వేరొకచోట. భాషా మైనారిటీ ధ్రువపత్రం కావలసినా, ఇంటిపేరు ఒక కాగితంలో ఒకలాగా మరొక కాగితంలో ఇంకొకలాగా ఉన్నదని కార్యాలయంవారు ఆక్షేపించినా, పాత కాగితాలు ఒక్కొక్కటే తీసి చూపవలసిందే. ఆ చూపవలసిన రోజుననే కంప్యూటరు తెరిస్తే డాక్యుమెంట్స్ అర కనబడదు. లేదా కనబడుతుంది గాని, లోపల ఏమీ ఉండదు. అప్పుడు గుండె జల్లుమనని గృహస్థు ఉండడు.

అటువంటివారికి చెప్పదలచినది ఒక్కటే. కనబడకపోవడం వేరు, పోవడం వేరు. చాలా సందర్భాలలో కాగితాలు యంత్రంలో ఎక్కడో భద్రంగానే ఉంటవి. తప్పిపోయినది వాటి చిరునామా మాత్రమే. అసలు నష్టం తరచు ఆ తరువాత, కంగారులో మనం చేసే పనుల వలన కలుగుతుంది.

అర కాదు, చిరునామా

కార్యాలయాల రికార్డు రూములో పనిచేసినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. ఫైలు ఉండేది బీరువాలో. అది ఏ బీరువాలో, ఏ అరలో ఉన్నదో చెప్పేది ఇండెక్సు రిజిస్టరు. రిజిస్టరులో ఒక పంక్తి చెరిగిపోతే ఫైలు కాలిపోయినట్లు కాదు. వెతకడం కష్టమవుతుంది, అంతే.

విండోస్ కంప్యూటరులో ఫైలు ఎక్స్‌ప్లోరరు ఎడమ పక్క కనిపించే ‘డాక్యుమెంట్స్’ అన్న మాట అటువంటి పంక్తి. దానిని నొక్కగానే యంత్రం తన లోపలి రిజిస్టరు చూచి, అక్కడ వ్రాసి ఉన్న చిరునామాకు మనలను తీసుకొని పోతుంది. ఆ లోపలి రిజిస్టరులో ఈ అరకు ఈనాటికీ ‘పర్సనల్’ అనే పాత పేరే ఉన్నది. ఈ చిరునామా కాలక్రమాన మారుతూ కూడా వచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ‘మై డాక్యుమెంట్స్’ అనేవారు. 2007లో ఇంటింటికీ వచ్చిన విస్టాలో ‘మై’ పోయి ‘డాక్యుమెంట్స్’ మిగిలింది. అప్పటినుంచి సాధారణంగా దాని చోటు సి డ్రైవులో ‘యూజర్స్’ అనే ఫోల్డరు, అందులో మన పేరు, అందులో డాక్యుమెంట్స్.

మన ప్రాంతాలవారు గమనింపవలసిన విశేషం ఒకటి ఉన్నది. కంప్యూటరు భాషను తెలుగుకో, కన్నడానికో, మరాఠీకో మార్చినప్పుడు ఈ అర పేరు ఆ భాషలోనే తెరమీద కనబడవచ్చు. డిస్కు మీద అసలు పేరు మాత్రం డాక్యుమెంట్స్ అనే ఉంటుంది. పిల్లవాడు భాష మార్చాడని తెలియని తండ్రి, పాత పేరు కోసం వెతికి వెతికి విసిగిపోవడం ఆశ్చర్యం కాదు.

మొదట చేయకూడనివి

అర కనబడలేదని అదే పేరుతో కొత్త ఫోల్డరు చేయకండి. రెండు అరలైతే ఏది అసలో తరువాత తేల్చడం కష్టం. కంప్యూటరు శుభ్రం చేస్తామనే ప్రోగ్రాములను నడపకండి. అన్నిటికంటె ముఖ్యం, ఎవరు చెప్పినా వెంటనే ఫార్మాట్ చేయించకండి. ఫార్మాట్ అంటే రిజిస్టరులో తప్పు దిద్దడం కాదు, బీరువానే ఖాళీ చేయడం.

వెతికే క్రమం

మొదట తెరమీద ఏమైనా హెచ్చరిక ఉన్నదేమో చదవండి. ‘తాత్కాలిక ప్రొఫైలుతో లోనికి వచ్చారు’ అనే భావంతో సందేశం కనబడితే, యంత్రం మీ గది తెరవలేక అతిథుల గదిలో కూర్చోబెట్టిందని అర్థం. అక్కడ డెస్క్‌టాపు, డాక్యుమెంట్స్ అన్నీ బోసిగా ఉంటవి. ఆ గదిలో ఏమీ దాచకూడదు, బయటికి రాగానే అది చెరిగిపోతుంది. యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టి లోనికి వెళ్ళండి. ఒకటి రెండుసార్లలో తరచు అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే తెలిసినవారిని పిలవండి.

రెండవది, చిరునామాతో నేరుగా వెళ్ళడం. కీబోర్డు మీద విండోస్ గుర్తుగల మీటను, ‘ఆర్’ మీటను కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో ‘షెల్’ అని, పక్కనే కోలన్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా ‘పర్సనల్’ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. రిజిస్టరులో ఏ చిరునామా ఉన్నదో ఆ అర తెరచుకుంటుంది. కాగితాలు అక్కడ కనబడితే చింత లేదు. ఎడమ పక్క పట్టీలో పేరు మాత్రమే తొలగిపోయిందన్నమాట. ఆ ఫోల్డరు మీద మౌసు కుడి బొత్తాం నొక్కి, ‘పిన్ టు క్విక్ యాక్సెస్’ ఎన్నుకుంటే పేరు తిరిగి వస్తుంది. ఎడమ పట్టీ మొత్తమే లేకపోతే ‘వ్యూ’లో ‘నావిగేషన్ పేన్’ను తిరిగి ఎన్నుకోవలెను. విండోస్ 11 వాడేవారు ఇంకొకటి గుర్తుంచుకోండి. 2022లో వచ్చిన మార్పు వలన డాక్యుమెంట్స్ వంటి అరలు ‘దిస్ పీసీ’ కింద కనబడడం మానినవి. ‘హోమ్’లో చూడవలెను.

మూడవది, కాగితాన్నే వెతకడం. ‘దిస్ పీసీ’ తెరచి, పైన కుడివైపు వెతికే గడిలో ఫైలు పేరులో గుర్తున్న ముక్క వ్రాయండి. స్కానరు ఇచ్చిన పేర్లు ఎవరికీ గుర్తుండవు. అప్పుడు నక్షత్రపు గుర్తు, చుక్క, పీడీఎఫ్ అనే మూడక్షరాలు వ్రాస్తే ఆ జాతి ఫైళ్ళన్నీ వరుసగా వస్తవి. కాస్త సమయం పడుతుంది, ఓపిక పట్టాలి. ఒక్క ఫైలు దొరికినా చాలు. దాని మీద కుడి బొత్తాం నొక్కి, అది ఉన్న ఫోల్డరు తెరిస్తే తక్కిన కుటుంబమంతా అక్కడే ఉంటుంది.

నాలుగవది, దాగినవాటిని చూడడం. విండోస్ 11లో ‘వ్యూ’, తరువాత ‘షో’, తరువాత ‘హిడెన్ ఐటమ్స్’. విండోస్ 10లో ‘వ్యూ’ పట్టీలోనే ఆ మాట ఉన్నది. దాచిన ఫోల్డర్లు పాలిపోయిన రంగుతో కనబడుతవి. పెన్‌డ్రైవుల మీద కొన్ని వైరసులు అసలు ఫోల్డరును దాచి, అదే పేరుతో ఒక షార్ట్‌కట్‌ను పైన పెడతవి. మూలలో చిన్న బాణం గుర్తున్న ఫోల్డరు హఠాత్తుగా కనబడితే దానిని నొక్కక, ముందు వైరసు పరీక్ష చేయించండి.

అయిదవది, వేరే డిస్కు సంగతి. స్థలం చాలక డాక్యుమెంట్స్‌ను డి డ్రైవుకో బయటి డిస్కుకో మార్చినవారు ఉన్నారు. ఆ డిస్కు తీగె ఊడితే అర మాయమవుతుంది. తీగె తగిలిస్తే తిరిగి వస్తుంది.

వన్‌డ్రైవ్ చేసే మాయ

ఇటీవల ఎక్కువగా వినబడే కారణం వన్‌డ్రైవ్. కొత్త కంప్యూటరు సిద్ధం చేసేటప్పుడు ‘మీ ఫోల్డర్లకు బ్యాకప్ కావాలా’ అని యంత్రం అడుగుతుంది. సరే అంటే డాక్యుమెంట్స్ చిరునామా వన్‌డ్రైవ్ ఫోల్డరులోకి మారుతుంది. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. అది నిండగానే ఎవరో ఒకరు విసుగుతో బ్యాకప్ ఆపివేస్తారు. అప్పుడు చిరునామా పాత చోటికి తిరిగి వస్తుంది గాని, కాగితాలు వన్‌డ్రైవ్ ఫోల్డరులోనే ఉండిపోవడం కద్దు. చూసేవారికి అర ఖాళీ.

మా సంఘ సభ్యుల ఇంట ఒకరికి సరిగా ఇదే జరిగింది. కూతురి కళాశాల ప్రవేశానికి మరునాడు ఆఖరు తేదీ. కులం, భాష, ఆదాయం పత్రాలన్నీ అందులోనే ఉన్నవి. బాగుచేసే దుకాణంలో చూపిస్తే, డిస్కు పాడైంది, ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ వేయవలెనన్నారు. ఆయన సరేననబోయారు. ఆయన భార్య ఒప్పుకోలేదు. “చెంబు బావిలో పడితే పాతాళగరిగె వేసి వెతుకుతారు గాని బావి పూడుస్తారుటండీ?” అన్నది. యంత్రాన్ని ఇంటికి తెచ్చి మమ్మల్ని పిలిచారు. ఎడమ పట్టీలో నీలి మేఘం గుర్తు నొక్కి, దానిలోని డాక్యుమెంట్స్ తెరిస్తే అన్ని పత్రాలూ వరుసగా ఉన్నవి. పట్టిన సమయం పది నిమిషాలు. ఫార్మాట్ చేసి ఉంటే, వన్‌డ్రైవ్‌కు ఎక్కకుండా డిస్కు మీదనే మిగిలినవి పోయి ఉండేవి. అందులో ఆమె అత్తగారి పింఛను కాగితాలు కూడా ఉన్నవని తరువాత తెలిసింది.

వన్‌డ్రైవ్‌లో ఫైలు పక్కన మేఘం గుర్తు ఉంటే ఆ ఫైలు మన డిస్కు మీద లేదని, ఇంటర్నెట్టు ఉంటేనే తెరచుకుంటుందని గ్రహించాలి. ఆఖరు తేదీనాడు వెతుక్కోకుండా ముఖ్యమైనవాటిని ముందే యంత్రంలోకి దింపుకోవలెను.

చిరునామా దిద్దడం

కాగితాలు దొరికిన తరువాత ముందు వాటిని ఒక పెన్‌డ్రైవుకు నకలు చేయండి. నకలు తీసిన తరువాతనే చిరునామా దిద్దండి. డాక్యుమెంట్స్ మీద కుడి బొత్తాం నొక్కి ‘ప్రాపర్టీస్’, అందులో ‘లొకేషన్’ చూడండి. చిరునామా తప్పుగా ఉంటే ‘రిస్టోర్ డిఫాల్ట్’ నొక్కితే మామూలు చోటు వస్తుంది. పాత చోటి ఫైళ్ళను కొత్త చోటికి మార్చాలా అని యంత్రం అడుగుతుంది. తొందరపడక, ఏ చోటు నుంచి ఏ చోటికి అంటున్నదో చదివి జవాబివ్వండి. వన్‌డ్రైవ్ బ్యాకప్ నడుస్తూ ఉంటే ఈ మార్పు వన్‌డ్రైవ్ సెట్టింగులలోనే చేయవలెను. మరి రెండు జాగ్రత్తలు. డాక్యుమెంట్స్‌కు, డెస్క్‌టాపుకు ఒకే చిరునామా ఇవ్వకండి, రెండూ కలిసిపోయి విడదీయడం కష్టమవుతుంది. డ్రైవు మొత్తాన్ని డాక్యుమెంట్స్‌గా చూపకండి. అందులో ఒక ఫోల్డరు చేసి దానిని చూపండి.

నిజంగా పోయినప్పుడు

ఎంత వెతికినా దొరకకపోతే రీసైకిల్ బిన్ చూడండి. వన్‌డ్రైవ్‌కు వేరే బిన్ ఉన్నది. సొంత ఖాతాలలో చెరిపినవి అందులో 30 రోజులు ఉంటవి. అక్కడా లేకపోతే ఆ యంత్రాన్ని వాడడం ఆపి, తెలిసినవారికి అప్పగించాలి. వాడినకొద్దీ కొత్త వ్రాతలు పాతవాటి మీద పడుతవి. ఈ కాలపు ఎస్‌ఎస్‌డీ డిస్కులలో చెరిపిన చోటును యంత్రమే త్వరగా తుడిచివేస్తుంది కనుక ఆశ ఇంకా తక్కువ.

మన తప్పు ఏమీ లేకుండానే పోయిన సందర్భమూ ఉన్నది. 2018 అక్టోబరు 2న మైక్రోసాఫ్టువారు విండోస్ 10కి 1809 అనే కూర్పు విడుదల చేశారు. అది వేసుకున్న కొందరి డాక్యుమెంట్స్, ఫొటోలు చెరిగిపోయినవి. అర చిరునామా మార్చుకున్నవారి యంత్రాలలో పాత చోట మిగిలిన అరను అనవసరపు నకలుగా ఎంచి ఆ కూర్పు తొలగించింది. పాత చోట ఇంకా కాగితాలున్నవారు నష్టపోయారు. కొద్దిరోజులలోనే పంపిణీ ఆపి, లోపం దిద్ది, నవంబరు 13న తిరిగి విడుదల చేశారు. వేరే నకలు ఉన్నవారికి మాత్రమే ఆనాడు నిశ్చింత.

ముందుజాగ్రత్త

నెలకొకసారి డాక్యుమెంట్స్ మొత్తాన్ని బయటి డిస్కుకు నకలు చేసి, డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే వైరసు పట్టిననాడు రెండూ పోతవి. ప్రభుత్వంవారు 2015లో ప్రారంభించిన డిజిలాకరులో ఆయా శాఖలు నేరుగా జారీచేసే పత్రాలకు, 2017లో సవరించిన నియమాల ప్రకారం, అసలు కాగితంతో సమానమైన విలువ ఉన్నది. మనమే స్కాన్ చేసి ఎక్కించుకున్నవాటికి ఆ విలువ లేదు. కనుక అసలు కాగితాల ట్రంకుపెట్టెను అప్పుడే అటకెక్కించకండి.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త యంత్రానికి మారేవారు మన వారిలో చాలామంది ఉంటారు. పాత యంత్రాన్ని ఇచ్చివేసేముందు కాగితాలన్నీ కొత్తదానిలో తెరచి చూచుకొన్న తరువాతనే ఇవ్వండి.

ఇంట్లో ఒక్కరికే ఈ సంగతులు తెలిసి ఉండడం మంచిది కాదు. ఈ సాయంత్రం తీరికగా కూర్చుని, డాక్యుమెంట్స్ మీద ‘ప్రాపర్టీస్’ తెరచి, ‘లొకేషన్’లో ఉన్న చిరునామాను ఒక కాగితం మీద ఉన్నదున్నట్లు వ్రాయండి. ఏ ఖాతా పేరుతో లోనికి వెళ్ళేదీ, నకలు డిస్కు ఎక్కడ ఉన్నదీ దాని కింద తెలుగులో వ్రాసి, ఇంటిల్లిపాదికీ చూపి, బీరువాలో ఉంచండి. అర మళ్ళీ కనబడనినాడు ఇంట్లో ఎవరు ఉన్నా ఆ కాగితం పట్టుకొని వెతకగలుగుతారు.