రిలేకి నాలుగు యాంటెన్నాలెందుకు?

ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు సెల్‌ఫోన్లలో మాట్లాడుకున్నా, ఆ మాట టవర్‌కు వెళ్ళి, నెట్‌వర్క్ అంతా చుట్టి, మళ్ళీ టవర్ మీదుగానే తిరిగొస్తుంది. టవర్ నిలబడి ఉన్నంతకాలం ఈ సంగతి ఎవరికీ పట్టదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటూ పోయింది, సెల్ సిగ్నలూ పోయింది. చేతిలో ఫోను ఉండి కూడా పక్కవీధిలో ఉన్నవాళ్ళ క్షేమం తెలుసుకోలేకపోయారు.

టవర్‌తో పనిలేకుండా ఫోన్లు నేరుగా మాట్లాడుకునే పద్ధతి మీద ఆ రోజుల్లోనే కసరత్తు జరుగుతోంది. మొబైల్ ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ కూటమి త్రీజీపీపీ, 2015లో ఖరారు చేసిన 12వ విడత ప్రమాణాల్లో దానికి చోటిచ్చింది. ముఖ్యంగా పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, సహాయక బృందాల కోసం పెట్టిన ఏర్పాటది. తర్వాతి విడతల్లో అది వాహనాలకూ, 5జీకీ విస్తరించింది. రెండు పరికరాల నడుమ మరో పరికరం రిలేగా నిలబడి కబురు అందించే పద్ధతికీ ప్రమాణాలు వచ్చాయి.

ప్రమాణం వచ్చినంత మాత్రాన కబురు నమ్మకంగా చేరుతుందనుకోవడానికి లేదు. టవర్ ఎత్తులో ఉంటుంది, దానికి శక్తీ ఎక్కువే. మామూలు ఫోను గరిష్ఠంగా పంపగలిగేది వాటులో అయిదో వంతు. పైగా అది మనిషి నడుము ఎత్తులోనో, చెవి దగ్గరో ఉంటుంది. మధ్యలో గోడలు, లారీలు, జనం. బయల్దేరిన తరంగం వీటన్నిటికీ తగిలి, చెదిరి, పది దారుల్లో అవతలి ఫోనును చేరుతుంది. ఆ తరంగాలు ఒకదానికొకటి తోడైతే సిగ్నల్ బలపడుతుంది, ఎదురైతే దాదాపు మాయమవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు. అంటే ఫోనును నాలుగు వేళ్ళ వెడల్పు పక్కకు జరిపితే చాలు, మంచి చోటు కాస్తా గోతిలా మారిపోవచ్చు.

అందుకే ఇక్కడ సగటు బలాన్ని చూసి మురిసిపోకూడదు. వంద కబుర్లు పంపితే ఎన్ని గోతిలో పడ్డాయన్నదే అసలు లెక్క. వందకు ఒకటి పడుతోందనుకుందాం. పంపే శక్తిని పది రెట్లు పెంచితే అది వెయ్యికి ఒకటిగా తగ్గుతుంది. బ్యాటరీని పదింతలు పిండుకుని సాధించింది అంతే. దానికి బదులు స్వీకరించే వైపు రెండో యాంటెన్నా పెట్టి, రెండూ విడివిడిగా తడబడేంత ఎడం ఉంచితే, రెండూ ఒకేసారి గోతిలో పడే అవకాశం పదివేలకు ఒకటి. మూడైతే పది లక్షలకు ఒకటి. నాలుగైతే పది కోట్లకు ఒకటి. నన్ను ఈ విషయంలో ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఈ లెక్కే: శక్తి పెంచితే భాగహారం, యాంటెన్నా పెంచితే ఘాతాంకం. ఇది కొత్త సంగతేమీ కాదు. 1920ల్లోనే అమెరికాలో ఆర్‌సీఏ ఇంజనీర్లు, షార్ట్‌వేవ్ సిగ్నల్ ఆగి ఆగి రావడాన్ని తట్టుకోవడానికి దూరదూరంగా యాంటెన్నాలు నాటారు.

ఇక రిలే సంగతి. నగరాల్లో దూరం రెట్టింపైతే సిగ్నల్ బలం సుమారు పదహారో వంతుకు పడిపోతుంది. కాబట్టి సరిగ్గా సగం దూరంలో రిలే పెడితే ఒక్కో అంచెలో బలం పదహారు రెట్లవుతుంది. లాభమే. కానీ ఇప్పుడు గోతులు కూడా రెండు చోట్ల ఉన్నాయి. ఒక్కో అంచెలో వందకు ఒకటి తప్పితే మొత్తం మీద వందకు దాదాపు రెండు తప్పుతాయి. ఒకే యాంటెన్నా ఉన్న రిలే దూరాన్ని తగ్గిస్తుందే గానీ, తడబాటు స్వభావాన్ని మార్చదు.

నాలుగు యాంటెన్నాల రిలే మారుస్తుంది. మొదటి అంచెలో నాలుగింటికీ అందినదాన్ని వరస కుదిర్చి కలుపుతుంది. బలంగా విన్నదానికి ఎక్కువ విలువ, బలహీనంగా విన్నదానికి తక్కువ విలువ ఇస్తుంది. రెండో అంచె కష్టం. నాలుగింటి నుంచీ వెళ్ళే తరంగాలు అవతలి ఫోను దగ్గర ఒకదానికొకటి తోడవ్వాలంటే, అక్కడికి వెళ్ళే నాలుగు దారులూ ఎలా ఉన్నాయో రిలేకి ముందే తెలియాలి. అంత సమాచారం లేకపోతే, వాటిలో ఏది బాగా వినిపిస్తోందో ఒక్క ముక్క అవతలి ఫోను చెబితే చాలు. ఆ ఒక్క యాంటెన్నాతోనే పంపినా గోతిని తప్పించుకునే లాభం చాలావరకు దక్కుతుంది. ఏ సమాచారమూ లేనప్పుడు 1998లో అలమూటి అనే ఇంజనీరు ఇచ్చిన సంకేత పద్ధతి ఉంది. అందులో రెండు యాంటెన్నాలు వరుసగా రెండు వంతుల్లో కబురును అటూ ఇటూ మార్చి పంపుతాయి.

రెండు అంచెల్లో ఏది బలహీనమైతే ఫలితం దాని మీదే ఆధారపడుతుంది. ఎగువ కాలువ ఎంత వెడల్పున్నా తూము సన్నగా ఉంటే పొలానికి దిగే నీరు అంతే. నాలుగు యాంటెన్నాలతో విని, ఎంపికేమీ లేకుండా ఒక్కదానితోనే పంపే రిలే మీద డబ్బు ఖర్చు పెట్టడం వృథా.

అందినదాన్ని అలాగే పెంచి పంపే రిలే రొదను కూడా పెంచుతుంది. కబురును విప్పి చదివి, తప్పుల్లేవని సరిచూసుకుని మళ్ళీ పంపే రిలే మేలు. సరిచూడకుండా పంపితే మాత్రం తప్పుడు కబురే నిశ్చింతగా ముందుకు పోతుంది.

ఈ పద్ధతులన్నిటికీ పరిమితులున్నాయి. 5.9 గిగాహెర్ట్జ్ మీద మాట్లాడే కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, రెండున్నర మిల్లీసెకన్లలో ఒక తరంగదైర్ఘ్యం దాటేస్తుంది. ఈలోపే దారుల గురించి తెలుసుకున్నది పాతబడిపోతుంది. టవర్ వాడే పౌనఃపున్యాలనే ఈ పరికరాలూ పంచుకుంటే ఒకరి మాట ఇంకొకరికి రొద అవుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు భవనం నీడ. అది సెంటీమీటర్ల లెక్కన మారేది కాదు. రిలే మొత్తం పెద్ద కట్టడం వెనక చిక్కుకుంటే నాలుగు యాంటెన్నాలూ కలిసే మునుగుతాయి.

మార్కెట్లో యాంటెన్నాల సంఖ్యను వేగం పేరుతో అమ్ముతారు. అవే యాంటెన్నాలను వేగానికీ వాడుకోవచ్చు, నమ్మకానికీ వాడుకోవచ్చు; ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. విపత్తు వేళ పంపాల్సింది వీడియో కాదు, “మూడో అంతస్తులో ఇద్దరున్నారు” అన్న నాలుగు మాటలు. అప్పుడు యాంటెన్నాలన్నీ నమ్మకం వైపే పెట్టాలి. అరచేతిలో పట్టే ఫోనులో వాటిని ఎడంగా అమర్చడానికి చోటు లేదు. అంబులెన్సు, ఫైరింజను పైకప్పుల మీద చోటూ ఉంది, కరెంటూ ఉంది. ఎనిమిది యాంటెన్నాలు చేతికొస్తే నేనైతే అన్నీ ఒకే బండి మీద పెట్టను. వీధికి ఈ చివర అంబులెన్సు మీద నాలుగు, ఆ చివర ఫైరింజను మీద నాలుగు పెడతాను. అప్పుడు భవనం నీడ ఒక బండిని కప్పేసినా రెండోదానికి దారి దొరికే అవకాశం ఉంటుంది.