నహువాభాషయందుఁ గవలలఁ దెలుపు శబ్దములు

మెక్సికోదేశమున ఆజ్టెకులు మాటలాడిన నహువాభాషలో 'కోవాట్ల్' అను పదమునకు సర్పమనియుఁ గవలయనియు నర్థములు గలవు. 1571లో మెక్సికోనగరమున ముద్రితమైన మోలీనా నిఘంటువునం దీ రెండును గానవచ్చుచున్నవి. కావుననే 'కెట్సల్‌కోవాట్ల్' అను దేవతానామమునకు 'ఈఁకల సర్పము' అను ప్రసిద్ధార్థముతోపాటు 'అమూల్యమైన కవల' అను నర్థమును గొందఱు పండితులు చెప్పుదురు.

ఈ దేవుని జంట షోలోట్ల్. ఇతఁడు శునకముఖుఁడు, కవలలకును వికృతరూపులకును నధిదేవత. సహగూన్ కూర్పించిన 16వ శతాబ్దపు గ్రంథములో నీతని కథ యున్నది. సూర్యుని నడిపించుటకై దేవతలు ప్రాణము లర్పించుచుండ, నితఁడు పాఱిపోయి, మొదట రెండు కాండముల మొక్కజొన్నగాను, పిదప జంట కిత్తనారగాను, తుదకు నీట 'ఆషోలోట్ల్' అను జంతువుగాను మాఱి, పట్టువడి చంపఁబడెను. ఆ మూఁడింటి పేరులయందును నీతని పేరే నిలిచినది.

మనుష్యులయందుఁ గవలలు పుట్టినప్పుడో, యిద్దఱును బ్రదికినచోఁ దల్లికో తండ్రికో మృత్యువు తప్పదని భయపడి, యొక శిశువును జంపుచుండిరని యా శతాబ్దముననే మోటోలినీయా యను క్రైస్తవసన్న్యాసి వ్రాసెను.

దక్షిణమునఁ గీచే మాయాజాతివారి 'పోపోల్ వూహ్' అను పురాణమున హునాహ్పూ, ష్బాలంకే యను కవలలు పాతాళమందలి మృత్యుదేవతలను జయించి సూర్యచంద్రులైరి. తమ్ము ద్వేషించిన యన్నలను గోఁతులుగా మార్చినవారును వీరే.

ఈ కథల సారము నాకుఁ దోఁచినంతవఱ కిది: ఒక్కరు పుట్టవలసినచోట నిద్దఱు పుట్టుట దైవశక్తి మితిమీఱుట. ఆ శక్తి యాకాశమున సూర్యుఁడగును, ఇంటఁ బ్రాణభయమగును. నేఁటి మెక్సికోవారి స్పానిషుభాషలో 'కోవాట్ల్' నుండి పుట్టిన 'క్వాతె' యను మాటకుఁ గవలయనియు స్నేహితుఁడనియు నర్థములు. భయము పోయి చెలిమి మిగిలినది.