భాగం 9: గుట్ట వాలుపై బరువు మోసే బ్యాటరీ బండి – ఎంపిక, మెరుగుదల

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 బరువును, వాలును కొలవడం
9.3 ఎక్కడానికి కావలసిన బలం, శక్తి
9.4 మోటారు, గేరు, టైర్లు
9.5 బ్యాటరీ
9.6 దిగేటప్పుడు బ్రేకులు
9.7 మెరుగుదలలో పాటించవలసిన వరుస
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి
9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మీ బాట వాలును స్వయంగా కొలవగలుగుతారు.
• బరువుతో వాలు ఎక్కడానికి కావలసిన బలాన్ని, శక్తిని లెక్కకట్టగలుగుతారు.
• మోటారు, గేరు, టైరు, బ్యాటరీల మధ్య సంబంధాన్ని వివరించగలుగుతారు.
• పాత బండిని మెరుగుపరిచేటప్పుడు ఏ పని ముందు, ఏ పని తరువాత చేయాలో నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

గోల్ఫ్ మైదానాల కోసం తయారైన నాలుగు చక్రాల చిన్న విద్యుత్ బండిని మన దగ్గర బ్యాటరీ బండి అనీ, బ్యాటరీ కారు అనీ అంటారు. రైల్వే స్టేషన్లలో, ఆసుపత్రి ప్రాంగణాలలో, రిసార్టులలో వీటిని మీరు చూసే ఉంటారు. వెనుక సీటు తీసి తొట్టి బిగిస్తే ఇదే బండి తోటలో, గోదాము ఆవరణలో సరుకు మోస్తుంది.

అయితే ఒకే బండి అన్ని నేలల మీదా ఒకేలా పనిచేయదు. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉన్న గద్వాల నడిగడ్డలో నేల చాలావరకు చదును. అక్కడ వేరుశనగ బస్తాలతో తేలికగా సాగిపోయే బండి, వనపర్తి జిల్లా ఘనపురం వైపు రాతిగుట్టల దగ్గర నీరసిస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దాటి నల్లమల అంచుకు వెళితే వాలు మరింత పెరుగుతుంది. చదును నేల కోసం చేసిన బండిని గుట్ట మీద వాడేవారికి ఎదురయ్యే ఇబ్బందులు రెండు: ఎక్కేటప్పుడు మోటారు కాలిపోవడం, దిగేటప్పుడు బ్రేకు చాలకపోవడం. మొదటిదానివల్ల డబ్బు పోతుంది. రెండవదానివల్ల ప్రాణం పోవచ్చు.

గమనిక: గోల్ఫ్ బండి ప్రైవేటు ఆవరణలో తిరగడానికి ఉద్దేశించినది. ప్రజా రహదారిపై సరుకు మోయాలంటే రిజిస్ట్రేషన్‌కు అర్హమైన వాహనమే ఉండాలి. మోటారు వాహనాల చట్టానికి 2015లో చేసిన సవరణలో పేర్కొన్న ఈ-కార్ట్ మూడు చక్రాల వాహనం. దాని శక్తి 4,000 వాట్లకు మించరాదు.

9.2 బరువును, వాలును కొలవడం

బండి కొనే ముందు రెండు అంకెలు మీ చేతిలో ఉండాలి. మొదటిది మొత్తం బరువు. సరుకు ఒక్కటే కాదు, బండి, బ్యాటరీలు, నడిపే మనిషి అందరినీ కలపాలి.

రెండవది వాలు. దీనికి ఖరీదైన పరికరం అక్కరలేదు. తాపీ మేస్త్రీలు వాడే నీటి లెవెల్ పైపు చాలు. బాట మీద అడ్డంగా 10 మీటర్ల దూరంలో రెండు కర్రలు నిలువుగా పాతి, పైపులోని నీటి మట్టాన్ని రెండింటిపైనా గుర్తు పెట్టండి. గుర్తుల నుంచి నేల వరకు కొలిస్తే వచ్చే తేడా 1 మీటరు అయితే వాలు 10లో 1. అంటే 0.1.

బాట మొత్తానికి సగటు తీయకండి. అన్నిటికన్నా నిటారుగా ఉన్న 10 మీటర్ల ముక్కే లెక్కకు ఆధారం. బండి ఆగిపోయేది అక్కడే.

9.3 ఎక్కడానికి కావలసిన బలం, శక్తి

ఉదాహరణకు, కొల్లాపూర్ ప్రాంతంలో వాలు నేలపై ఉన్న ఒక మామిడి తోటను ఊహించండి. పైకి ఎరువు, కిందికి కాయలు మోయాలి. బండి 450 కిలోలు, మనిషి 70 కిలోలు, సరుకు 380 కిలోలు. మొత్తం 900 కిలోలు. వాలు 10లో 1. బాట మొరం బాట.

వాలు వల్ల వెనక్కి లాగే బలం = 900 × 9.8 × 0.1 = 882 న్యూటన్లు

మొరం బాటపై టైర్ల నిరోధం బరువులో సుమారు 3 శాతం అనుకుంటే: 900 × 9.8 × 0.03 = 265 న్యూటన్లు

మొత్తం = 1,147 న్యూటన్లు

అదే మొరం బాట చదునుగా ఉంటే 265 న్యూటన్లు చాలు. అంటే ఈ వాలు మీద బండి పని నాలుగు రెట్లు దాటింది.

శక్తి వేగాన్ని బట్టి ఉంటుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 2.78 మీటర్లు. అప్పుడు చక్రాల దగ్గర కావలసిన శక్తి 1,147 × 2.78 = సుమారు 3,190 వాట్లు. వేగాన్ని గంటకు 6 కిలోమీటర్లకు తగ్గిస్తే 1,910 వాట్లు చాలు. బలం మారలేదు, శక్తి మాత్రం తగ్గింది. నెమ్మదిగా ఎక్కడానికి ఒప్పుకుంటే చిన్న మోటారుతోనూ పని జరుగుతుంది. అయితే ఆ నెమ్మది గేరు ద్వారా రావాలి. కాలితో పెడల్ సగం తొక్కి మోటారును ఈడ్పించడం వల్ల మోటారు వేడెక్కుతుంది తప్ప లాభం లేదు.

9.4 మోటారు, గేరు, టైర్లు

మోటారు రకాలు: పాత బండ్లలో సిరీస్ డి.సి. మోటారు ఉంటుంది. దీనికి ఆరంభ బలం ఎక్కువే కాని, దిగేటప్పుడు బండిని తనంతట తాను నిలువరించదు. కొత్త బండ్లలోని ఎ.సి. మోటారు తగిన కంట్రోలరుతో వాలు ఎక్కుతుంది, దిగేటప్పుడు జనరేటరుగా మారి వేగాన్ని అదుపు చేస్తుంది. గుట్ట పనికి ఇదే మేలు.

గేరు: చక్రం వ్యాసార్ధం 0.23 మీటర్లు అయితే పై ఉదాహరణలో చక్రాల దగ్గర కావలసిన మెలిబలం 1,147 × 0.23 = 264 న్యూటన్ మీటర్లు. గేరు నిష్పత్తి 12 అయితే మోటారు 22 న్యూటన్ మీటర్లు ఇవ్వాలి. నిష్పత్తి 16 అయితే 16.5 చాలు. గేరులో పోయే నష్టాన్ని ఇక్కడ లెక్కించలేదు. గరిష్ఠ వేగం తగ్గుతుంది, కాని మోటారు మీది భారం పావు వంతు దిగిపోతుంది.

టైర్లు: రాళ్ళ బాటకు ఎత్తైన టైర్లు వేయాలని చాలామందికి అనిపిస్తుంది. వ్యాసార్ధం 0.28 మీటర్లకు పెరిగితే కావలసిన మెలిబలం 321 న్యూటన్ మీటర్లు అవుతుంది. పెద్ద టైరు వేసిన రోజే బండి బలం ఐదో వంతుకు దగ్గరగా తగ్గినట్లు లెక్క. పట్టు కావాలంటే ఎత్తు పెంచకుండా లోతైన గాళ్ళు ఉన్న టైర్లు ఎంచుకోవాలి.

9.5 బ్యాటరీ

మోటారు, గేరు, కంట్రోలరు నష్టాలు పోను బ్యాటరీ శక్తిలో 75 శాతం చక్రాలకు చేరుతుందనుకుందాం. అప్పుడు బ్యాటరీ నుంచి 4,250 వాట్లు రావాలి. 48 వోల్టుల బండిలో ఇది 88 ఆంపియర్ల విద్యుత్తు. 72 వోల్టుల బండిలో 59 ఆంపియర్లే. తీగలలో వేడి విద్యుత్తు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక, రెండవ బండిలో అదే తీగ సగం కన్నా తక్కువ వేడెక్కుతుంది.

సీసపు బ్యాటరీపై 150 ఆంపియర్ అవర్లు అని రాసి ఉంటే అది సాధారణంగా 20 గంటలపాటు నెమ్మదిగా వాడినప్పటి లెక్క, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున. 88 ఆంపియర్లు లాగితే అంత రాదు. పైగా దానిని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే ఆయుష్షు త్వరగా తరుగుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వరకు వాడుకోవచ్చు. ఎక్కువ విద్యుత్తు లాగినా అంతగా తగ్గదు. సీసపు బ్యాటరీల వరుస సుమారు 170 కిలోలు ఉంటే, దాదాపు అంతే పని ఇచ్చే లిథియం బ్యాటరీ 50 కిలోల చుట్టూ ఉంటుంది. తగ్గిన ఆ బరువు మేరకు ప్రతి ట్రిప్పులోనూ అదనంగా సరుకు వేసుకోవచ్చు. ధర ఎక్కువ, ఛార్జరు కూడా దానికి తగినదే ఉండాలి.

40 డిగ్రీలు దాటే మన వేసవిలో ఏ బ్యాటరీనైనా నీడలో ఉంచి, చల్లారిన తరువాతే ఛార్జింగ్ పెట్టాలి.

9.6 దిగేటప్పుడు బ్రేకులు

పై బండి అదే బరువుతో దిగేటప్పుడు 882 న్యూటన్ల బలం దానిని కిందికి నెడుతుంది. టైర్ల నిరోధం 265 పోగా మిగిలిన 617 న్యూటన్లను బ్రేకులు ఆపాలి. 1 కిలోమీటరు దిగేసరికి బ్రేకులలో పుట్టే వేడి 6,17,000 జౌళ్ళు. అది రెండు లీటర్ల మామూలు నీటిని మరిగే స్థితికి తెచ్చే వేడి. చదును మైదానం కోసం చేసిన చాలా బండ్లలో వెనుక చక్రాలకే డ్రమ్ బ్రేకులు ఉంటాయి. దిగేటప్పుడు బరువు ముందు చక్రాల మీదికి వాలుతుంది కనుక వెనుక బ్రేకుకు పట్టు తగ్గుతుంది. గుట్ట పనికి నాలుగు చక్రాలకూ బ్రేకులు, వాటికి వేరుగా పార్కింగ్ బ్రేకు తప్పనిసరి.

మోటారు ద్వారా వేగం తగ్గించే సౌకర్యం ఉన్నా ఒక జాగ్రత్త అవసరం. గుట్ట పైన ఛార్జింగ్ చేసి, నిండు బ్యాటరీతో దిగడం మొదలుపెడితే, తిరిగి వచ్చే విద్యుత్తును అది తీసుకోలేదు. అప్పుడు మోటారు సాయం తగ్గి, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఛార్జింగ్ స్థలం కింద ఉండటం మంచిది. ఛార్జింగ్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించడం ఎప్పుడూ చేయకూడదు.

9.7 మెరుగుదలలో పాటించవలసిన వరుస

పాత బండి కొన్నవారు తరచుగా ముందు పెద్ద మోటారు కొంటారు. బలమైన మోటారు ఎక్కువ బరువును పైకి తీసుకుపోతుంది. ఆ బరువు కిందికీ రావాలి. కనుక ఈ వరుస పాటించండి:
1. బ్రేకులు: నాలుగు చక్రాలకు అమర్చడం, నిండు బరువుతో వాలుపై ఆపి చూడటం.
2. తీగలు, కలుపులు: మందమైన తీగలు, తుప్పు లేని కలుపులు, సరైన ఫ్యూజు.
3. గేరు, టైర్లు: నిష్పత్తి పెంచడం, టైరు ఎత్తు పెంచకపోవడం.
4. బ్యాటరీ.
5. మోటారు, కంట్రోలరు: రెండింటినీ జతగా మార్చడం. కంట్రోలరు ఒక్కదాన్నే పెంచితే పాత మోటారు కాలిపోవచ్చు.

మూడవ మెట్టు దగ్గరే పని జరిగితే మిగిలిన ఖర్చు అవసరం లేదు.

9.8 సారాంశం

గుట్ట మీది బండిని వేగంతో కొలవకూడదు. మొత్తం బరువు, నిటారైన చోటి వాలు తెలిస్తే కావలసిన బలం తెలుస్తుంది. ఎక్కువ గేరు నిష్పత్తి, చిన్న టైరు, తక్కువ వేగం మోటారును కాపాడతాయి. ఎంత బరువు ఎక్కించగలమన్నది కాక, ఎంత బరువును నిలకడగా దించగలమన్నదే బండి మోతకు హద్దు.

9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మొత్తం బరువు 800 కిలోలు, వాలు 8లో 1. వాలు వల్ల వెనక్కి లాగే బలం ఎంత?
2. పెద్ద టైర్లు గుట్ట ఎక్కే బలాన్ని ఎందుకు తగ్గిస్తాయి?

సమాధానాలు: 1. 800 × 9.8 ÷ 8 = 980 న్యూటన్లు. 2. వ్యాసార్ధం పెరిగినకొద్దీ అదే బలానికి ఎక్కువ మెలిబలం కావాలి కనుక.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. 10 వాక్యాలలో సమాధానం రాయండి.
1. సీసపు, లిథియం బ్యాటరీలను గుట్ట పని దృష్ట్యా పోల్చండి.
2. నిండు బ్యాటరీతో వాలు దిగడంలోని ప్రమాదాన్ని వివరించండి.

II. 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. మీ గ్రామంలోని ఒక వాలు బాటను కొలిచి, 300 కిలోల సరుకు మోయడానికి తగిన బండిని లెక్కలతో సూచించండి.