తుప్పు పట్టిన బ్రేకు పైపు: పాత బండి ఉన్నవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతులు

బండి కదలకపోతే ఆ రోజు కిరాయి పోతుంది. బండి ఆగకపోతే ప్రాణాలే పోతాయి. అయినా మనలో చాలామంది ఇంజనుకు చూపించే శ్రద్ధలో పావు వంతు కూడా బ్రేకులకు చూపించరు. అందులోనూ బండి కింద, ఎవరి కంటికీ కనిపించకుండా పోయే సన్నని ఇనుప పైపును పట్టించుకునేవాళ్ళు బహు తక్కువ. ఈ వ్యాసం ఆ పైపు గురించే.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ళలో పాత సుమోలు, క్వాలిస్‌లు, బొలెరోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. టాటా సుమో 1994లో వచ్చింది, 2019లో దాని తయారీ ఆగిపోయింది. క్వాలిస్ 2000లో వచ్చి 2005లోనే ఆగిపోయింది. అంటే ఈ రోజు రోడ్డు మీద కనిపించే ఏ క్వాలిస్‌కైనా ఇరవై ఏళ్ళు దాటినట్టే లెక్క. కొన్నింటి నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 28 అనే ఉంటుంది. 2016లో మేడ్చల్ జిల్లా ఏర్పడక ముందు, ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో ఉన్న రోజుల నాటి బండ్లవి. కూరగాయల బుట్టలు, పెళ్ళి జనం, బడి పిల్లలు, అందరినీ మోసేవి ఇవే. మన హాస్టల్లో చదువుకుని వెళ్ళినవాళ్ళలో డ్రైవర్లున్నారు, మెకానిక్‌లున్నారు, అప్పు చేసి పాత బండి కొని బతుకు నడుపుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఇది పనికొస్తుందని, ఇప్పుడు చదువుకుంటున్న తమ్ముళ్ళకు సైన్సు పాఠంగానైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

పాదం కింద పాస్కల్ సూత్రం

హైస్కూలు భౌతికశాస్త్రంలో పాస్కల్ సూత్రం చదివే ఉంటారు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే అది అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన ఈ మాట మీదే మన బ్రేకులు పనిచేస్తున్నాయి. పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ముందుకు జరుగుతుంది. బ్రేక్ ఆయిల్ ఆ ఒత్తిడిని పైపుల ద్వారా నాలుగు చక్రాలకూ చేరుస్తుంది. అక్కడ డిస్కు ప్యాడ్లు, డ్రమ్ములోని లైనర్లు బిగుసుకుంటాయి.

ఆ ఒత్తిడి ఎంత? చిన్న లెక్క వేద్దాం. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 22 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 3.8 చదరపు సెంటీమీటర్లు. మనం 30 కిలోల బలంతో తొక్కితే పెడల్ దాన్ని నాలుగు రెట్లు, బూస్టర్ మరో మూడు రెట్లు పెంచాయనుకుంటే మొత్తం 360 కిలోలు. దాన్ని 3.8తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 95 కిలోలు! టైరులో మనం నింపే గాలి రెండు, రెండున్నర కిలోలకు మించదు. అంటే టైరు కంటే నలభై రెట్ల ఒత్తిడిని ఆ పైపు మోయాలి. పైపు బయటి వ్యాసం చాలా బండ్లకు 4.75 మిల్లీమీటర్లే. దాని గోడ మందం మిల్లీమీటరు కంటే తక్కువ. ఆ గోడను తుప్పు సగం తినేస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. పైపు పగిలేది మామూలుగా మెల్లగా తొక్కినప్పుడు కాదు. ఎవరో అడ్డం వచ్చి, గట్టిగా తొక్కినప్పుడే లోపల ఒత్తిడి ఎక్కువవుతుంది, అప్పుడే పగులుతుంది. అంటే బ్రేకు ఎప్పుడు కావాలో సరిగ్గా అప్పుడే పోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 16 మీటర్లకు పైగా వెళుతుంది. 44వ నెంబరు జాతీయ రహదారి మీదో, రాజీవ్ రహదారి మీదో, రింగు రోడ్డు దిగి చౌరస్తాకు వచ్చేచోటో ఆ ఒక్క సెకను చాలు.

ఉప్పు లేని చోట తుప్పు ఎందుకు?

అమెరికా, కెనడాల్లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అక్కడ స్థిరపడిన మన మిత్రులకు ఈ బాధ బాగా తెలుసు. 2015 ఏప్రిల్‌లో అమెరికా రహదారి భద్రతా సంస్థ పాత వాహనాల బ్రేకు పైపుల తుప్పు మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. బండి అడుగు భాగాన్ని కడుగుతూ ఉండమని, పైపులను పరీక్ష చేయించమని, తుప్పు ముదిరితే ముక్కలు కాకుండా మొత్తం పైపులు మార్చమని చెప్పింది.

మన దగ్గర ఉప్పు చల్లరు, నిజమే. కానీ తుప్పుకు కావలసినవి ఇనుము, నీరు, గాలి. ఈ మూడూ మనకూ ఉన్నాయి. వానాకాలంలో పొలం బాట, చెరువు కట్ట బాట పట్టిన బండికి చాసిస్ సందుల్లో బురద ఇరుక్కుంటుంది. పైన ఎండినట్టు కనిపించినా లోపల రోజుల తరబడి తడి ఉంటుంది. ఎరువు బస్తాలు, కోళ్ళ పెంట మోసే బండ్లకు ఆ తడిలో లవణాలు కూడా చేరతాయి. సముద్రతీర పట్టణాల నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చిన బండి అయితే సగం తుప్పు అక్కడి నుంచే మోసుకొస్తుంది. మరో శత్రువు లోపలే ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి ఆయిల్ మార్చకపోతే పైపు లోపలి నుంచి కూడా తుప్పు మొదలవుతుంది.

ఎలా పరీక్షించాలి?

బండిని చదునైన గట్టి నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో లేపి, చాసిస్ కింద స్టాండ్లు వేయండి. ఒక్క జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు. ఇటుకలు పేర్చి దూరడం అంతకంటే ప్రమాదం.

మాస్టర్ సిలిండర్ నుంచి వెనక ఇరుసు దాకా పైపు వెంట చెయ్యి పోనివ్వండి. క్లిప్పుల కింద, చాసిస్ మలుపుల్లో, వెనక ఇరుసు మీద ఉండే టీ జాయింటు దగ్గర తుప్పు ఎక్కువ. వైరు బ్రష్‌తో మెల్లగా రుద్దండి. పైపైన గోధుమ రంగు పొడి రాలి, కింద నున్నటి లోహం కనిపిస్తే కంగారు అక్కర్లేదు. పెచ్చులు ఊడినా, గోటికి గుంటలు తగిలినా, ఎక్కడైనా నూనె తడి కనిపించినా ఆ పైపు పని అయిపోయినట్టే. ఆయిల్ డబ్బాలో మట్టం మాటిమాటికీ తగ్గడం, డాష్‌బోర్డు మీద ఎర్ర బ్రేకు దీపం వెలగడం, పెడల్ కిందికి దిగిపోవడం కూడా హెచ్చరికలే.

ముక్క అతుకు వద్దు

పాడైన చోట కోసి, మధ్యలో రబ్బరు గొట్టం తొడిగి క్లిప్పు బిగించడం కొన్నిచోట్ల చూస్తుంటాం. ఇంకొందరు ఫ్రిజ్, ఏసీలకు వాడే రాగి పైపు వేస్తారు. రెండూ తప్పే. ఆ రబ్బరు గొట్టం అంత ఒత్తిడికి తట్టుకోదు. వట్టి రాగి మెత్తగా వంగుతుంది కానీ కుదుపులకు గట్టిపడి చిట్లుతుంది. ఒకచోట తుప్పు పట్టి పగిలిన పైపు మిగతా చోట్ల కొత్తగా ఉండదు కదా! అది ఒకేసారి బిగించిన పైపు, ఒకే బురద తిన్న పైపు. కాబట్టి ఒక జాయింటు నుంచి ఇంకో జాయింటు దాకా మొత్తం మార్చడమే పద్ధతి.

కొత్త పైపు కోసం పాత పైపును, దాని నట్టును నమూనాగా పట్టుకుని వెళ్ళండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, కోఠి దగ్గర పుత్లీబౌలిలో పాత మోడళ్ళ సామాను దొరుకుతుంది. రెండు సంగతులు తప్పక సరిచూడాలి. ఒకటి నట్టు మరలు. రెండోది పైపు కొస ఆకారం, అంటే ఫ్లేర్. కొన్ని బండ్లకు కొస గరాటులా రెండు మడతలుగా ఉంటుంది, కొన్నింటికి చిన్న బుడగలా ఉంటుంది. ఒకదానికి ఇంకోటి వేస్తే ఎంత బిగించినా కారుతుంది. బ్రేకుల కోసమే తయారైన ఇనుప పైపు గానీ, రాగి-నికెల్ మిశ్రమ పైపు గానీ వాడాలి. రాగి-నికెల్ పైపు తుప్పు పట్టదు, చేత్తో తేలిగ్గా వంగుతుంది. 1970ల నుంచి వోల్వో కార్లలో వాడుతున్నారు.

పాత పైపు తీయడం

ముందు రోజు రాత్రే నట్లన్నిటికీ తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. పైపు ఏ దారిన పోయిందో ఫోటో తీసుకోండి. మామూలు రెండు మూతుల స్పానర్ పెడితే నట్టు అంచులు అరిగిపోతాయి. దీనికి చిన్న చీలిక ఉన్న రింగ్ స్పానర్ వస్తుంది, అదే వాడాలి. అప్పటికీ రాకపోతే పైపును నట్టు దగ్గర కోసేసి ఆరు పలకల సాకెట్‌తో విప్పాలి. పైపు ఎలాగూ పారేసేదే. రబ్బరు హోస్ దగ్గర విప్పేటప్పుడు రెండో స్పానర్‌తో హోస్‌ను కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే అది మెలి తిరిగిపోతుంది. రబ్బరు పగుళ్ళు పడి ఉంటే దాన్నీ మార్చేయండి. కారే ఆయిల్‌ను డబ్బాలో పట్టండి. అది పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి.

కొత్త పైపు తయారీ

పాత పైపు వెంట దారం పెట్టి పొడవు కొలవండి. హాక్సా బ్లేడు కాకుండా పైపు కట్టర్‌తో నిటారుగా కోయండి. కొస లోపలా బయటా గరుకు తీసేయండి. ఫ్లేర్ కొట్టే ముందే నట్టును పైపుకు ఎక్కించడం మరవకండి. తర్వాత ఎక్కదు! ఫ్లేరింగ్ టూల్‌తో కొస మడిచాక వెలుతురులో చూడండి. పక్కకు ఒరిగినా, చీలిక కనిపించినా కోసేసి మళ్ళీ చేయాలి. ఇది చేయి తిరిగితేనే వచ్చే పని. నాలుగైదు తుక్కు ముక్కల మీద సాధన చేసి గానీ అసలు పైపు ముట్టుకోవద్దు. ఆ టూల్ లేనివాళ్ళు కొలత ఇచ్చి దుకాణంలోనే ఫ్లేర్ కొట్టించుకోవడం మేలు.

పైపును మోకాలి మీద పెట్టి కాకుండా బెండర్‌తో, లేదా గుండ్రని డబ్బాకు ఆనించి మెల్లగా వంచండి. నలిగితే అది పనికిరాదు. గాలి కొట్టి లోపలి రజను పోగొట్టండి. పాత దారిలోనే పోనివ్వండి. సైలెన్సర్ పైపుకు, కదిలే భాగాలకు దూరంగా ఉండాలి. క్లిప్పులన్నీ తిరిగి వేయండి. నట్లను మొదట రెండు మూడు చుట్లు వేళ్ళతోనే తిప్పాలి. వేళ్ళతో తిరగకపోతే మర తప్పు ఎక్కిందని అర్థం. చివరి బిగింపు చాలా బండ్లకు 15 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి.

గాలి తీయడం

ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. పైపులో బుడగ మిగిలితే మన బలమంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటుంది. అందుకే గాలి పూర్తిగా తీయాలి. దీనికి ఇద్దరు కావాలి.

మన బండ్లకు స్టీరింగ్ కుడివైపు కాబట్టి మాస్టర్ సిలిండర్ కూడా అటే ఉంటుంది. ఎక్కువ దూరమున్న చక్రంతో మొదలుపెట్టాలి. ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు, ఇదీ సాధారణ వరుస. మాన్యువల్ వేరే వరుస చెబితే దాన్నే పాటించాలి. నిప్పిల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొసను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. లోపల ఉన్నవాడు పెడల్ తొక్కి పట్టుకుని "పట్టిన" అంటాడు. కిందివాడు నిప్పిల్ వదులు చేసి, ఆయిల్ వచ్చాక బిగించి "వదులు" అంటాడు. నిప్పిల్ బిగించక ముందు పెడల్ వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. బుడగలు ఆగేదాకా ఇలాగే చేయాలి. మధ్యమధ్య డబ్బాలో ఆయిల్ పోస్తూ ఉండాలి. పాత బండిలో పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. పెడల్ నేల దాకా పోతే, ఎన్నడూ పిస్టన్ పోని చోట ఉన్న తుప్పుకు మాస్టర్ సిలిండర్ రబ్బర్లు చిరుగుతాయి.

డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. అదే పోయండి, కొత్త సీలు విప్పిన ఆయిలే పోయండి. సీసాలోకి వచ్చిన పాత ఆయిల్ మళ్ళీ వాడకూడదు. ఇంజన్ ఆయిల్ పొరపాటున కూడా పోయకూడదు, రబ్బర్లు ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడైపోతుంది.

రోడ్డెక్కే ముందు

ఇంజన్ స్టార్ట్ చేసి పెడల్‌ను గట్టిగా ఒక నిమిషం తొక్కి పట్టండి. పెడల్ మెల్లగా కిందికి జారకూడదు. ఇంకొకరు ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి చూడాలి. చుక్క తడి కనిపించినా బండి కదలకూడదు. తర్వాత ఖాళీ మైదానంలో పది కిలోమీటర్ల వేగంతో, తర్వాత ఇరవై, ముప్పైతో ఆపి చూడండి. మర్నాడు జాయింట్లు, ఆయిల్ మట్టం మరోసారి చూడండి. ఆ తర్వాతే మనుషులను ఎక్కించుకోండి.

ఏబీఎస్ ఉన్న బండి అయితే ఇంటి దగ్గర ముట్టుకోకండి. దానిలో గాలి తీయడానికి చాలాసార్లు కంప్యూటర్ యంత్రం కావాలి. మామూలు బండికైనా మొదటిసారి ఒంటరిగా చేయకుండా, పని తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకుని చేయండి. చేయడం రాకపోయినా చూడటం నేర్చుకుంటే చాలు. షెడ్డులో అతుకు వేస్తుంటే "అన్నా, అట్ల వద్దు, మొత్తం పైపు మార్చు" అని అడగగలగాలి.

ఒకవేళ దారిలోనే బ్రేకు పోతే? పెడల్‌ను వరసగా కొట్టండి. చాలా బండ్లలో రెండు విడి మార్గాలుంటాయి, ఒకటి పోయినా రెండోది కొంత ఆపుతుంది. గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి. హ్యాండ్ బ్రేకు వైరుతో పనిచేస్తుంది కాబట్టి దాన్ని మెల్లగా లాగండి. హారన్ కొడుతూ పక్కకు తీయండి. ఇంజన్ మాత్రం ఆపకండి.

మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత పరీక్ష చేయించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. కానీ ఐదేళ్ళకోసారి అధికారి చూసేదాకా తుప్పు ఆగదు. ఏటా వానలు వెళ్ళగానే, దసరాకు బండి కడిగి పూజ చేసే రోజునే, ఒక్కసారి కిందికి దూరి ఆ పైపు వెంట చెయ్యి పోనివ్వండి. నిమ్మకాయ చక్రం కింద పెట్టే ముందు చూడాల్సింది ఆ పైపునే.

పదో తరగతి తర్వాత ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు చేద్దామనుకునే తమ్ముళ్ళకు చివరగా ఒక మాట. ఇది చిన్న పని అనుకోకండి. మీరు బిగించిన ఒక్క నట్టు మీద బండిలో ఉన్న పది మంది ఇల్లు చేరడం ఆధారపడి ఉంటుంది. పైలం!

— ఒక పూర్వ విద్యార్థి