గొంతు వినిపించే దూరంలో

ముంబయి దగ్గరి భీవండి పద్మనగర్‌లో ఏ మరమగ్గాల కార్ఖానాలోకైనా అడుగు పెట్టండి. ఇద్దరు కార్మికులు ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటూ కనిపిస్తారు. కొత్తగా చూసేవాళ్లకు కొట్లాటే అనిపిస్తుంది. తీరా చూస్తే ఒకాయన నూలు అయిపోవస్తోందంటున్నాడు, రెండో ఆయన చాయ్ తాగొద్దామంటున్నాడు. చుట్టూ రొద పెరిగితే మన ప్రమేయం లేకుండానే గొంతు పెరుగుతుంది. 1911లో ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడు కనుక దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. అంత అరుచుకున్నా అక్కడ ఎవరికీ కోపం రాదు. ఎదుటి మనిషి పెదవులు, కళ్లు, చేతి ఊపు మాటతో పాటే అందుతున్నాయి మరి.

అవి అందకపోతే ఏమవుతుంది? ఇజ్రాయెల్‌లో నోమ్ లాపిదోత్-లెఫ్లర్, అజీ బరాక్ 142 మందిని జంటలుగా కూర్చోబెట్టి, తెరమీద అక్షరాలతోనే ఒక చిక్కు సమస్యను తేల్చుకోమన్నారు. ప్రాణం నిలిపే మందు ఒక్కరికే సరిపోతుంది, ఎవరికివ్వాలి? 2012లో వాళ్లు ప్రచురించిన ఫలితం నన్ను చాలా ఆలోచింపజేసింది. పేరు దాచుకోవడం కన్నా, కళ్లలోకి చూసే వీలు లేకపోవడమే తిట్లకూ బెదిరింపులకూ ఎక్కువ దారితీసింది. జూలియానా ష్రోడర్ బృందం 2017లో ఇంకో సంగతి చూపించింది. మనకు గిట్టని అభిప్రాయాన్ని చదివినప్పటి కంటే, అదే అభిప్రాయాన్ని ఆ మనిషి గొంతులో విన్నప్పుడు అతణ్ణి ఆలోచనాపరుడిగా, మనలాంటి మనిషిగా ఎక్కువ గుర్తిస్తాం. తడబాటు, ఊపిరి తీసుకోవడం, స్వరం దిగడం వంటివి లోపల ఒక మనసు పనిచేస్తోందని చెబుతాయి.

ఇది ప్రయోగశాల మాట. భీవండి దీన్ని రక్తం చూశాక నేర్చుకుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వలసొచ్చిన మన పద్మశాలీలు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అన్సారీలు, స్థానిక మరాఠీలు ఒకే బట్ట మీద బతికే ఊరు ఇది. అయినా 1970 మే 7న శివాజీ జయంతి ఊరేగింపు రోజున మొదలైన మతకలహం ఊరిని కాల్చింది. జస్టిస్ మాదన్ కమిషన్ దానిపై విచారణ జరిపింది. 1984లో మళ్లీ అదే విధ్వంసం. పక్కపక్కన పనిచేసినంత మాత్రాన మనుషులు కలిసిపోరని ఇక్కడే తేలింది.

1988లో పోలీసు డిప్యూటీ కమిషనర్‌గా వచ్చిన సురేష్ ఖోపడే పేటపేటనా మొహల్లా కమిటీలు పెట్టించారు. దాదాపు 70 కమిటీలు. ప్రతిదానిలో హిందువులు, ముస్లింలు సమానంగా ఉండేవారు. అంతా ఆ పేటవాళ్లే. గొడవ జరిగాక కాదు, ఏ గొడవా లేనప్పుడే కూర్చునేవారు. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. పుకారు పుట్టిననాడు ఎవరిని అడగాలో అప్పటికే తెలిసి ఉండేది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ముంబయిలో రెండు విడతల్లో 900 మంది చనిపోయారు. కూతవేటు దూరంలోని భీవండి ప్రశాంతంగా ఉంది.

గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పిన షరతులు దాదాపు ఇవే: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, అధికారుల అండ. థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 2006లో 515 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ముఖాముఖి పరిచయం పెరిగినకొద్దీ ద్వేషం తగ్గుతోందని తేలింది. షరతులు లేకపోయినా కొంత మేలుంది, ఉంటే మేలు ఎక్కువ. అభిప్రాయాలు ఒకటి కావాలని ఎవరూ అడగలేదు. ఊరేగింపు ఏ వీధిన పోవాలన్న దానిమీద వాదన ఉండనీయండి. వాదించేవాళ్లు ఒకే చాప మీద కూర్చుని ఉండాలి, అంతే.

అయినా అదే 2006 జులైలో పోలీస్ స్టేషన్ స్థలం విషయమై ఇదే ఊళ్లో గొడవ చెలరేగింది. పోలీసు కాల్పుల్లో ఇద్దరు, గుంపు చేతిలో ఇద్దరు కానిస్టేబుళ్లు చనిపోయారు. ఒకసారి పెట్టిన కమిటీ ఎప్పటికీ కాపాడుతుందనుకోవద్దు. భీవండిలోనో, సిరిసిల్లలోనో, షోలాపూర్‌లోనో ఉన్న పాఠకులారా, మీ పేటలో అలాంటి కమిటీ పేరుకే ఉందా, నిజంగా కూర్చుంటోందా అడిగి తెలుసుకోండి. కూర్చోకపోతే ఈ నెలలోనే పిలిపించండి, ఏ గొడవా లేని ఈ నెలలోనే.