చికిత్సాకాలంలో ఆహారమూ దినచర్యా

‘లంఘనం పరమౌషధం’ అన్న నానుడి మన ఇండ్లలో చిరకాలంగా వినబడుతున్నదే. నూతనజ్వరాన్ని ఉద్దేశించిన ఆ మాటను సర్వవ్యాధులకూ అన్వయించడం తగదు. పెద్దప్రేగు క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగి, అనంతరం కీమోథెరపీ పొందుతున్నవారికి లంఘనం హానికరం.

శస్త్రచికిత్స తరువాత కంటికి కనబడక మిగిలిన రోగకణాలను నశింపజేయడానికై ఈ చికిత్సను సాధారణంగా మూడు నుండి ఆరు మాసాలు ఇస్తారు. శీఘ్రంగా వృద్ధిచెందే కణాలపై ఈ ఔషధాలు పనిచేస్తాయి. నోటిలోని, ప్రేగులలోని లోపొరలు కూడ అట్టివే గనుక అరుచి, నోటిపూత, వికారం, విరేచనాలు కలుగుతాయి. తిండి తగ్గితే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. మనిషి మరీ నీరసిస్తే మందు మోతాదు తగ్గించవలసి రావచ్చు, చికిత్సయే ఆగవచ్చు. కనుక ఆహారం చికిత్సలో ఒక అంగం.

మూత్రపిండ వ్యాధి లేనివారికి దినానికి కిలో బరువుకు ఒక గ్రాముకు మించి, వీలైతే 1.5 గ్రాముల వరకు మాంసకృత్తులు అవసరం. అంటే 50 కిలోల మనిషికి 50 నుండి 75 గ్రాములు. పప్పు, పెరుగు, పనీరు, అలవాటున్నవారికి గుడ్డు ఇందుకు ఉపకరిస్తాయి. రెండు పూటల నిండుగా తినడంకంటె ఐదారు మార్లు కొద్దికొద్దిగా తినడం సులభం. విరేచనాలైనప్పుడు కారం, నూనె, పీచు తగ్గించి, మెత్తని అన్నం, అరటిపండు, ఓఆర్ఎస్ ద్రావణం తీసుకోవాలి. అవి తగ్గకుంటే వైద్యునికి తెలపాలి.

భక్తులు గమనింపవలసినవి మరికొన్ని. కేపసిటబిన్ మాత్రలను భోజనమైన అరగంటలోపు వేసుకోవాలి. ఉపవాసదినాన ఆ నియమం చెడుతుంది. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన పిదప కొన్ని దినాలు చల్లదనం సోకితే గొంతు పట్టేసినట్లవుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కార్తికమైనా గోరువెచ్చని నీటితోనే స్నానం చేయాలి. అరికాళ్లలో స్పర్శ మందగించినవారికి ఎండకు కాగిన బండలపై ప్రదక్షిణం చేస్తే కాలు కాలినా తెలియదు. వ్యాధిగ్రస్తులకు ఉపవాసాది నియమాలలో సడలింపును ధర్మశాస్త్రాలే అంగీకరించాయి.

రోజంతా పడుకోరాదు. ఓపిక ఉన్న వేళ ఇంటిలోనే కొంతసేపు నడవాలి. ముఖ్యమైన పనులు అప్పుడే చేసుకోవాలి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే రాత్రియైనా సరే, తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంటివారికి ఒక విన్నపం: పథ్యం పేరిట రోగి కంచం ఖాళీ చేయకండి. ఏదైనా మాన్పించదలచితే ముందు వైద్యుని అడగండి.